మొదటి ఆటోమేటిక్ వాచీ: ఫీల్డా, డైవా? ముందు కేసు చూడండి, తర్వాత యంత్రం

మీరిచ్చిన వివరాలను ముందుగా ఒకచోట పెడతాను, ఎందుకంటే నా సలహా అంతా వాటి మీదే ఆధారపడి ఉంటుంది. ముప్పై వేల రూపాయల లోపు మొదటి ఆటోమేటిక్ వాచీ, అంటే చేతి కదలికకే కీ ఎక్కే వాచీ, కొనాలనుకుంటున్నారు. భవన నిర్మాణ స్థలంలో ఇంజనీరుగా పనిచేస్తారు, వారాంతాల్లో ఈత కొడతారు, విశాఖ ఋషికొండ దగ్గర స్కూబా (గాలి సిలిండరుతో నీటి అడుగున ఈత) నేర్చుకోవాలన్న ఆలోచన కూడా ఉంది. మణికట్టు చుట్టుకొలత 16 సెంటీమీటర్లు. మీ జాబితాలో నాలుగు వాచీలున్నాయి: ఫీల్డ్ (సైనికుల వాచీ) తరహాలో సీకో 5 స్పోర్ట్స్ ఎస్‌ఆర్‌పీజీ27, డైవ్ (నీటిలో దిగేవారి వాచీ) తరహాలో సీకో 5 స్పోర్ట్స్ ఎస్‌ఆర్‌పీడీ55, ఓరియెంట్ కమాసు, సిటిజన్ ప్రోమాస్టర్ ఎన్‌వై0040. వీటిలో దేని యంత్రం మేలైనదని అడిగారు.

ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం తేలికే గాని, దాన్ని బట్టి వాచీని ఎంచుకుంటే మీకు ఒరిగేది పెద్దగా ఉండదు. ఈ ధరలో జపాన్ కంపెనీలు వాడే ఆటోమేటిక్ యంత్రాలు దాదాపు అన్నీ గంటకు 21,600 స్పందనలతో నడిచేవే, పూర్తిగా కీ ఎక్కిన తర్వాత దాదాపు నలభై గంటలు ఆడేవే, ఏళ్ల తరబడి పెద్ద ఇబ్బంది పెట్టకుండా పనిచేసేవే. అసలు తేడా ఆ యంత్రం చుట్టూ ఉన్న ఉక్కు కేసులో, దాని మీది అద్దంలో, క్రౌన్ (పక్కన ఉండే కీ బొడిపె) బిగుసుకునే తీరులో, నీటి విషయంలో తయారీదారు ఏ మాట ఇచ్చాడన్న దానిలో ఉంది. మీ పని, మీ ఈత, మీ మణికట్టు ఈ మూడూ పరీక్షించబోయేది కూడా వాటినే.

అయినా యంత్రాల సంగతి అడిగారు కాబట్టి క్లుప్తంగా చెబుతాను. రెండు సీకోల్లోనూ ఉన్నది 4ఆర్36. ఇందులో 24 జ్యుయెల్స్ (రాపిడి తగ్గించే రాళ్లు) ఉంటాయి, చేత్తో కీ ఇవ్వవచ్చు, క్రౌన్ పూర్తిగా లాగితే సెకన్ల ముల్లు ఆగుతుంది, రోటర్ (చేయి కదిలితే తిరిగే బరువు) ఎటు తిరిగినా స్ప్రింగు చుట్టుకుంటుంది. అలా చుట్టే మ్యాజిక్ లివర్ అనే ఏర్పాటును సీకో 1959లోనే తీసుకువచ్చింది. కమాసులోని ఎఫ్6922లో 22 జ్యుయెల్స్ ఉంటాయి, అందులోనూ చేత్తో కీ ఇవ్వవచ్చు, ముల్లును ఆపవచ్చు. సిటిజన్‌లో ఉన్నది 8200 కుటుంబానికి చెందిన పాత, మొండి యంత్రం; చేత్తో కీ ఎక్కుతుంది గాని సెకన్ల ముల్లు ఆగదు, రోటర్ ఒక దిశలో తిరిగినప్పుడే స్ప్రింగును చుడుతుంది, రెండో దిశలో ఊరికే గిర్రున తిరుగుతుంది. ఆ అదురు మణికట్టుకు తెలుస్తుంది, కొందరు దాన్ని లోపమనుకొని కంగారుపడి దుకాణానికి తిరిగి తీసుకువెళతారు. అది లోపం కాదు.

సమయపాలన గురించి మాత్రం ముందే మనసు సిద్ధం చేసుకోవాలి. 4ఆర్36కు సీకో కాగితం మీద చెప్పే పరిధి రోజుకు 45 సెకన్లు ముందు నుంచి 35 సెకన్లు వెనుక వరకు. ఓరియెంట్ చెప్పేది 25 సెకన్లు ముందు, 15 సెకన్లు వెనుక. సీకో పరిధిలో చివరి అంచును తీసుకుంటే నెలకు ఇరవై నిమిషాలకు పైగా తేడా వస్తుంది, కంపెనీ దృష్టిలో అది కూడా సక్రమమైన వాచీయే. ఆచరణలో చాలా వాచీలు ఇంతకన్నా బాగా నడుస్తాయి. రోజుకు పది పదిహేను సెకన్ల తేడాతో నడిచే సీకోలు సర్వసాధారణం. కాని బ్యాటరీతో నడిచే మామూలు క్వార్ట్జ్ వాచీ నెలంతా కలిపి చేసే పొరపాటును ఆటోమేటిక్ వాచీ ఒక్క రోజులో చేయగలదన్నది వాస్తవం. ఇది మింగుడుపడకపోతే ఇక్కడే ఆగి క్వార్ట్జ్ తీసుకోవడం ఉత్తమం, అందులో నామోషీ ఏమీ లేదు. అలాగే నలభై గంటల నిల్వ అంటే, శుక్రవారం సాయంత్రం ఏడింటికి తీసి పెట్టిన వాచీ ఆదివారం మధ్యాహ్నానికి ఆగిపోతుంది. సోమవారం ఉదయం సమయం, తేదీ, వారం మళ్లీ సరిచేసుకోవాలి. సరిచేసేటప్పుడు వాచీ రాత్రి తొమ్మిది నుంచి తెల్లవారుజామున నాలుగు మధ్య సమయం చూపుతూ ఉంటే తేదీని నేరుగా మార్చకండి. ఆ వేళలో తేదీ చక్రాన్ని తిప్పే పళ్లు ఒకదానిలో ఒకటి ఇరుక్కొని ఉంటాయి, బలవంతపెడితే విరుగుతాయి. ముల్లులను ఆరు గంటల దగ్గరకు తెచ్చి, అప్పుడు తేదీ మార్చండి.

ఇక ఫీల్డ్, డైవ్ అన్న రెండు తరహాలు. ఫీల్డ్ వాచీ రూపం సైన్యాల అవసరం నుంచి వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం వాడిన ఏ-11, యుద్ధం చివరి దశలో బ్రిటన్ పన్నెండు స్విస్ కంపెనీల చేత చేయించిన వాచీలు దీనికి మూలపురుషులు. నల్లని డయల్, తేటగా కనబడే తెల్లని అంకెలు, దళమంతా ఒకే క్షణానికి సమయం కలుపుకోవడానికి ఆగే సెకన్ల ముల్లు, ఇవీ దాని లక్షణాలు. వాటిలో ఏదీ నీటికి సంబంధించిన హామీ కాదు. డైవ్ వాచీ అలా కాదు. 1953 ప్రాంతంలో బ్లాంక్‌పాన్, రోలెక్స్ కంపెనీలు ఆ రూపాన్ని స్థిరపరచాయి, సీకో 1965లో 150 మీటర్ల వాచీతో అందులోకి దిగింది. గాలి సిలిండరుతో నీటిలో ఉన్న మనిషి ఎంత సమయం గడిచిందో తప్పులేకుండా చూసుకోవడమే ఆ రూపకల్పన ఉద్దేశం. బెజెల్ (డయల్ చుట్టూ తిరిగే వలయం) ఒకే దిశలో తిరగడం కూడా అందుకే: పొరపాటున దేనికైనా తగిలి కదిలినా గడిచిన సమయాన్ని ఎక్కువ చేసి చూపుతుందే తప్ప తక్కువ చేసి చూపదు, కాబట్టి మనిషి ముందుగానే పైకి వస్తాడు.

చిక్కంతా ఎక్కడ వస్తుందంటే, ఈ రోజు అమ్మకానికి వచ్చే డైవ్ వాచీల్లో చాలావాటికి ఆ రూపమే ఉంది, ఆ హామీ లేదు. మీ జాబితాలో ఎస్‌ఆర్‌పీడీ55 అందుకు చక్కని ఉదాహరణ. అది చూడడానికి 1996 నుంచి సీకో అమ్మిన ఎస్‌కేఎక్స్007కు తోబుట్టువులా ఉంటుంది. ఆ పాత వాచీ క్రౌన్ మర తిప్పి బిగించేది, 200 మీటర్ల డైవర్ ప్రమాణం దానికి ఉండేది. 2019లో కొత్త సీకో 5 స్పోర్ట్స్ వచ్చినప్పుడు కేసు ఆకారం మిగిలింది గాని, క్రౌన్ మామూలుగా లాగి నొక్కేది అయింది, నీటి హామీ 100 మీటర్లకు తగ్గింది. బదులుగా యంత్రం మెరుగుపడింది: పాత 7ఎస్26లో చేత్తో కీ ఇవ్వడం, ముల్లును ఆపడం రెండూ ఉండేవి కావు. ఈ మార్పిడిని కొందరు మోసమన్నంత గట్టిగా తిట్టారు. నా అభిప్రాయంలో అది మోసం కాదు, ఎందుకంటే డయల్ మీద డైవర్ అన్న మాట వాళ్లు ఎక్కడా రాయలేదు. కాని కొనేవాడు ఆ మాట లేకపోవడాన్ని గమనించాలి.

నీటి సంఖ్యల గురించి మన దగ్గర ఒక అపోహ బాగా పాతుకుపోయింది: చేతులు ఊపుతూ ఈత కొడితే ఒత్తిడి ఎన్నో రెట్లు పెరుగుతుంది, అందుకే 100 మీటర్ల వాచీ కూడా కొలనులో ఆగదు అని. లెక్క వేసి చూడండి. సెకనుకు 5 మీటర్ల వేగంతో చేయి నీటిని కోసినా, అది మామూలు ఈతగాడి వేగం కానే కాదు, అదనంగా వచ్చే ఒత్తిడి దాదాపు 1.3 మీటర్ల లోతుకు సమానం, అంతే. వాచీల్లోకి నీరు చేరేది ఆ ఒత్తిడి వల్ల కాదు. క్రౌన్ సరిగా నొక్కకుండా కొలనులో దిగడం వల్ల, ఏళ్లు గడిచి రబ్బరు సీలు గట్టిపడడం వల్ల, వేడి నీళ్ల స్నానం వల్ల, సబ్బు వల్ల చేరుతుంది. కాబట్టి 30 మీటర్లు అని రాసి ఉంటే చేతులు కడుక్కోవడానికి, వాన చినుకులకు మాత్రమే. 100 మీటర్లు అని ఉంటే, సీళ్లు బాగున్నంత కాలం ఈతకు ధైర్యంగా వాడవచ్చు. ఈ లెక్కన ఎస్‌ఆర్‌పీజీ27 అనే ఆ ఫీల్డ్ వాచీ కూడా మీ వారాంతపు కొలనుకు సరిపోతుంది, దాని హామీ కూడా 100 మీటర్లే. ఈత కోసం డైవ్ వాచీయే కొనాలన్న నియమం ఏదీ లేదు.

స్కూబా మాత్రం వేరు. దానికి ఐఎస్ఓ 6425 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. ఆ ప్రమాణం ప్రకారం వాచీ కనీసం 100 మీటర్లకు రూపొందించినదై ఉండాలి, రాసిన లోతు కన్నా 25 శాతం ఎక్కువ ఒత్తిడిని తట్టుకోవాలి, చీకట్లో 25 సెంటీమీటర్ల దూరం నుంచి సమయం కనబడాలి, వాచీ నడుస్తోందని కూడా చీకట్లో తెలియాలి. సెకన్ల ముల్లు మీద వెలిగే చుక్క పెట్టేది అందుకే. ఉప్పునీరు, దెబ్బలు, అయస్కాంత క్షేత్రం, వీటన్నింటికీ వేర్వేరు పరీక్షలున్నాయి. మీ నాలుగింటిలో డయల్ మీద డైవర్స్ 200 మీటర్లు అని రాసుకొనే హక్కు సిటిజన్‌కు ఒక్కదానికే ఉంది. కమాసుకు 200 మీటర్ల హామీ, మర తిప్పి బిగించే క్రౌన్ రెండూ ఉన్నాయి గాని ఆ ప్రమాణపు ముద్ర లేదు. తొలి దశ స్కూబా శిక్షణలో దిగేది 18 మీటర్ల లోపే కాబట్టి, సీళ్లు పరీక్ష చేయించిన కమాసును నేనైతే ఆ లోతుకు తీసుకువెళతాను. అయితే సిలిండరుతో డైవింగుకు ప్రమాణం ఉన్న వాచీనే వాడాలని తయారీదారుల సూచనలు చెబుతాయి కాబట్టి, నీరు చేరితే వారంటీ గురించి వాదించే అవకాశం మీకు ఉండదు. అసలు నీటి అడుగున ప్రాణానికి భరోసా ఇచ్చేది శిక్షకుడు, డైవ్ కంప్యూటర్. వాచీ రెండో వరుసలోని తోడు మాత్రమే.

మీ ఉద్యోగం దగ్గరికి వస్తే, నా దృష్టిలో అన్నింటికన్నా ముఖ్యం అద్దం. నిర్మాణ స్థలంలో ఉన్న ఇసుకలో ఎక్కువ భాగం క్వార్ట్జ్ అనే ఖనిజం, మోస్ కొలమానంలో దాని కాఠిన్యం 7. మామూలు ఖనిజపు అద్దం అంతకన్నా మెత్తనిది, సీకో వాడే హార్డ్‌లెక్స్ గట్టిపరచినదే అయినా గీతల విషయంలో సఫైర్ అద్దానికి సాటి రాదు. సఫైర్ అంటే నీలమణి పదార్థం, దాని కాఠిన్యం 9. చొక్కా చేతికి అంటిన ఇసుకతో ఒకసారి అద్దాన్ని తుడిస్తే చాలు, ఖనిజపు అద్దం మీద సన్నని గీతలు పడతాయి; సఫైర్ మీద పడవు. మీ నాలుగింటిలో సఫైర్ ఉన్నది కమాసుకు మాత్రమే, ఆ ధరలో అది అరుదైన విషయం. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి: సఫైర్ గీత పడదు గాని గట్టి దెబ్బకు పగలగలదు, ఖనిజపు అద్దం ఆ దెబ్బకు కొంత ఓర్చుకుంటుంది. సైట్లో ఇనుప కడ్డీకి వాచీ తగలడం కన్నా ఇసుక రాసుకోవడమే ఎక్కువసార్లు జరుగుతుంది కాబట్టి నేను సఫైర్ వైపే మొగ్గుతాను.

తర్వాత కొలతలు. చాలామంది వ్యాసం ఒక్కటే చూసి నిర్ణయిస్తారు, మీరూ 39 మిల్లీమీటర్ల ఫీల్డ్ వాచీ చిన్నదని, 42.5 మిల్లీమీటర్ల డైవ్ వాచీ పెద్దదని రాశారు. మణికట్టు మీద వాచీ ఎంత స్థలం ఆక్రమిస్తుందో చెప్పేది వ్యాసం కాదు, స్ట్రాప్ తగిలించే కొమ్ముల పై కొన నుంచి కింది కొన దాకా ఉన్న పొడవు. ఎస్‌ఆర్‌పీజీ27 వ్యాసం 39.4 మిల్లీమీటర్లయినా పొడవు 48.1, ఎస్‌ఆర్‌పీడీ55 వ్యాసం 42.5 అయినా పొడవు 46 మాత్రమే. అంటే చిన్నదనుకున్నదే మీ చేతి మీద పొడుగ్గా సాగుతుంది. కమాసు వ్యాసం 41.8, పొడవు 46.8, మందం 12.8 మిల్లీమీటర్లు, సీకోలు రెండూ 13 దాటుతాయి. 16 సెంటీమీటర్ల మణికట్టు పైభాగం చదునుగా ఉండే వెడల్పు సుమారు 50 మిల్లీమీటర్లు ఉంటుంది, కాబట్టి నాలుగూ పడతాయి గాని, 48 మీ హద్దుకు దగ్గర. స్కేలుతో మీ మణికట్టు పైభాగాన్ని కొలిచి చూడండి, చుట్టుకొలత కన్నా అదే పనికొచ్చే సంఖ్య. ఫీల్డ్ తరహా మీద మనసు గట్టిగా ఉంటే సీకో 5లోనే 36 మిల్లీమీటర్ల ఫీల్డ్ వాచీ ఉంది, యంత్రం అదే 4ఆర్36. మీ చేతికి అది ఎస్‌ఆర్‌పీజీ27 కన్నా నప్పుతుంది. ఎస్‌కేఎక్స్ రూపం నచ్చి పెద్దదనిపిస్తే 38 మిల్లీమీటర్ల రూపం కూడా వచ్చింది.

క్రౌన్ ఎక్కడ ఉందన్నది చిన్న విషయంలా కనబడుతుంది, కాని రోజంతా నక్షాలు పట్టుకొని, మెట్ల చట్రాలు ఎక్కి దిగే మనిషికి అది చిన్నది కాదు. మూడు గంటల దగ్గర పెద్ద క్రౌన్ ఉంటే మణికట్టు వెనక్కి వంచినప్పుడల్లా చేతి వెనుక భాగాన్ని గుచ్చుతుంది. ఎస్‌ఆర్‌పీడీ55లో అది నాలుగు గంటల దగ్గర ఉంటుంది, సిటిజన్‌లో ఎనిమిది గంటల దగ్గర, అంటే మోచేయి వైపు ఉంటుంది. సౌకర్యంలో సిటిజన్‌దే పైచేయి. కమాసుది మూడు గంటల దగ్గరే గాని దానికి రెండు పక్కలా కాపు ఉంది, గుచ్చడం తక్కువ. ఎడమచేతి వాటం వారు సిటిజన్‌ను కుడిచేతికి పెట్టుకుంటే ఆ లాభం పోతుందని కూడా చెప్పాలి.

సైట్లో ఏ ఆటోమేటిక్‌కైనా రెండు శత్రువులున్నాయి. మొదటిది కాంక్రీటు పగలగొట్టే డ్రిల్లు వంటివాటి అదురు. అవి మీరే పట్టుకొని నడపాల్సి వస్తే వాచీ తీసి జేబులో పెట్టండి. రెండోది అయస్కాంతం. ఫోను కవరు మూతలో ఉండే అయస్కాంతం, స్పీకరు, లాప్‌టాప్ అంచు, వీటి పక్కన వాచీ రాత్రంతా ఉంటే లోపలి సన్నని హెయిర్‌స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి అంటుకొని వాచీ ఒక్కసారిగా రోజుకు నిమిషాల కొద్దీ ముందుకు పరిగెడుతుంది. అప్పుడు యంత్రం పాడైందని విప్పించకండి. అయస్కాంతం తీసే చిన్న పరికరం వాచీ మెకానిక్కుల దగ్గర ఉంటుంది, క్షణాల్లో సరవుతుంది.

ఇవన్నీ కలిపి చూసి నేను మీకు కమాసు చెబుతాను. ఇసుకను తట్టుకునే అద్దం, మర తిప్పి బిగించే క్రౌన్, మీ చేతికి సరిపడే పొడవు, ముల్లు ఆగే యంత్రం, ఈ నాలుగూ ఒకేచోట ఉన్నది దానికే. దాని బలహీనత చీకట్లో వెలుగు. సీకో, సిటిజన్‌ల పూత తెల్లవారే దాకా స్పష్టంగా కనబడితే కమాసుది ముందే మసకబారుతుంది. స్కూబా ఆలోచన కేవలం ఆలోచన కాక, వచ్చే సీజనుకు మీరు నిజంగా శిక్షణలో చేరబోతుంటే మాత్రం నా జవాబు మారుతుంది, అప్పుడు సిటిజన్ తీసుకోండి, అద్దం మీద కొన్ని గీతలను భరించండి. ఎస్‌ఆర్‌పీడీ55ను రంగులు, స్ట్రాపులు, విడిభాగాలు మార్చుకుంటూ ఆడుకోవాలనుకునేవారికి నేను సిఫారసు చేస్తాను, మీ అవసరం అది కాదు.

బడ్జెట్ పెంచి హామిల్టన్ ఖాకీ ఫీల్డ్ తీసుకోవచ్చా అని చివర్లో అడిగారు. దాని ఆటోమేటిక్ రూపంలో 80 గంటల నిల్వ, సఫైర్ అద్దం ఉంటాయి, మంచి వాచీ. కాని మొదటి వాచీని సైట్‌కు తీసుకువెళ్లే మనిషికి అంత ధర పెట్టడం నాకు సమంజసంగా తోచదు. పాత హెచ్ఎంటీ సంగతీ ప్రస్తావించారు. 1961లో సిటిజన్ సహకారంతో బెంగళూరులో మొదలైన ఆ వాచీలంటే నాకూ మమకారమే, ఆటోమేటిక్‌లలో కాంచన్ లాంటివి నేటికీ నడుస్తున్నాయి. అయితే వాటిని ఈతకు తీసుకువెళ్లే ఆలోచన పెట్టుకోకండి. ఆన్‌లైన్‌లో రెండు మూడు వేలకు మెరిసే నారింజ, నీలి డయల్‌లతో కనబడే పాత హెచ్ఎంటీలు, పాత సీకో 5లలో చాలావాటికి డయల్ కొత్తగా అచ్చువేసినదే, లోపలి భాగాలు నాలుగు వాచీల నుంచి ఏరి కూర్చినవే. విదేశీ సేకర్తలు వీటిని ముంబై స్పెషల్ అంటారు.

దుకాణంలో పెట్టె తెరవగానే ముందు పన్నెండు గంటల గుర్తు, లోపలి అంచు మీది నిమిషాల గీత, బెజెల్ మీది త్రికోణం ఒకే వరుసలో ఉన్నాయో చూడండి. ఈ ధరలో, ముఖ్యంగా సీకోల్లో, ఒక గీత పక్కకు జరగడం తరచుగా కనబడుతుంది. కొన్న తర్వాత కంపెనీ దాన్ని లోపంగా ఒప్పుకోకపోవచ్చు గాని, కొనకముందు ఇంకొకటి చూపమని అడిగే హక్కు మీకు ఉంది. క్రౌన్‌ను విప్పి బిగించి చూడండి, మర మొదటి చుట్టులోనే మెత్తగా పట్టుకోవాలి. తేదీ, వారం మారే తీరు చూడండి. వారం అక్షరాలు ఏ రెండు భాషల్లో ఉన్నాయో కూడా చూడండి, గల్ఫ్ మార్కెట్ కోసం చేసిన కొన్నింటిలో రెండో భాష అరబిక్ ఉంటుంది. అమెరికాలో ఉన్న బంధువు చేత తెప్పించుకుంటే ధర తగ్గవచ్చు గాని, అమ్మినవాడు ఆ కంపెనీ అధీకృత డీలరో కాదో, వారంటీ కార్డు మీద తేదీ, ముద్ర పడ్డాయో లేదో ముందే అడిగి తెలుసుకోమనండి. కొన్ని కార్డులు కొన్న దేశంలోనే చెల్లుతాయి.

కొన్న తర్వాత ఉక్కు చైన్‌తో పాటు ఒక నైలాన్ స్ట్రాప్ కూడా తీసుకోండి, కమాసుకు 22 మిల్లీమీటర్లది. కోస్తా చెమటలో తోలు స్ట్రాప్ ఒక వేసవి దాటడం కష్టం, నైలాన్‌ను రాత్రి ఉతికి ఆరేస్తే పొద్దునకు సిద్ధం. సముద్రంలో దిగి వచ్చిన ప్రతిసారి, క్రౌన్ బిగించే ఉంచి, మంచినీటిలో వాచీని కాసేపు ముంచి బెజెల్‌ను రెండు చుట్లు తిప్పండి. కింద చేరిన ఉప్పు, ఇసుక గడ్డకడితే అది బిగుసుకుపోతుంది. రెండు మూడేళ్లకు ఒకసారి, ఈత కాలం మొదలయ్యే ముందు, ఒత్తిడి పరీక్ష యంత్రం ఉన్న సర్వీసు కేంద్రంలో సీళ్లు మార్పించండి. వెనుక మూత ఎవరు ఏ పని మీద విప్పినా, ఆ పరీక్ష మళ్లీ జరిగేదాకా ఆ వాచీని నీటిలో దించకండి.